అడివికి టికెట్టేటిరా?

మా మావయ్యకి డెబ్బై దాటాయి. పుట్టిందీ పెరిగిందీ విశాఖ చినగదిలిలోనే. జూన్‌లో ఓ ఆదివారం దగ్గర్లోని కంబాలకొండ అభయారణ్యానికి వెళ్దాం రమ్మంటే, "అడివికి టికెట్టేటిరా?" అన్నాడు. కౌంటర్ దగ్గర నేను డబ్బులు తీస్తుంటే మళ్ళీ అదే మాట.

ఒకప్పుడు విజయనగరం రాజావారి కింద ఉన్న ఈ కొండలు 1970లో అటవీ శాఖ చేతికి వచ్చాయి. ఆ రోజుల్లో మా అమ్మమ్మ చీకటితో లేచి, వీధిలో ఆడవాళ్ళతో కలిసి వెళ్ళి పుల్లల మోపు తెచ్చేదట. నెత్తిన మోపు, కొంగులో కలేకాయలు. పొద్దుగూకితే మాత్రం అటు వెళ్ళే మగాడు కూడా లేడట. ఊరికే చూసి రావడానికి అడవికి వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా అంటే మావయ్య నవ్వాడు. "చూడ్డానికేటుంది అక్కడ?"

ఇప్పుడు అందరూ చూడ్డానికే వస్తున్నారు. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి, జనమంతా మాత్రం బోట్లు తిరిగే ఆ చిన్న చెరువు చుట్టూనే. ఒక కుర్రాడి బ్యాగులోంచి పాట మోగుతోంది. హైవేకి అవతల 1977 నుంచీ జూ ఉంది. అక్కడ టికెట్ కొంటే చిరుత కనబడుతుంది. ఇక్కడ దానికి బుద్ధి పుడితే కనబడుతుంది. ఇన్నిసార్లు వచ్చినా నాకు ఒక్కటీ కనబడలేదు, ఆ బెంగా లేదు. చిత్రమేమిటంటే, హిల్ వ్యూ అని ఎక్కువ పెట్టి ఫ్లాట్ కొన్నవాళ్ళే చిరుత అనే మాట వినబడగానే గ్రూపుల్లో టెన్షన్ పడిపోతారు. వ్యూ కావాలి, అందులో ఉండేది వద్దు.

నడకదారిలో జనం పలచబడ్డాక మావయ్య ఆగి కొండకేసి చూశాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిన మర్నాడు మేడెక్కి చూస్తే, కొండ మీద పచ్చన్నదే లేదట, నిప్పంటించినట్టుందట. "రోజూ ఉండేదే కదా అని ఎప్పుడూ సరిగ్గా చూళ్ళేదురా. ఆ రోజు చూశాను," అన్నాడు.

మలుపులో ఒక కలే పొద. జంట ముళ్ళ మధ్య గుత్తులుగా పచ్చికాయలు. నేను ఫోన్ తీసి ఫోటో సర్దుకునే లోపు ఆయన చెయ్యి లోపలికి వెళ్ళి వచ్చేసింది. ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. తుంచిన చోట తెల్లగా పాలు కారి వేళ్ళకి అంటుకున్నాయి.

"తాతా, ఇక్కడ కొయ్యకూడదు." వెనకాల యూనిఫామ్‌లో ఒక కుర్రాడు. మర్యాదగానే అన్నాడు.

మావయ్య గుప్పిట విప్పాడు. నాలుగు కాయలు. "ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగాడు. కుర్రాడికి ఏం చెప్పాలో తోచలేదు. చివరికి పొద మొదట్లోనే వదిలేశాం.

"మీ అమ్మమ్మ వినుంటే నన్ను తన్నేదిరా," అన్నాడు గేటు దాటాక. ఆటోలో ఇంటికొచ్చేదాకా బొటనవేలితో ఆ జిగురు రుద్దుకుంటూనే ఉన్నాడు.