వడగళ్ళ వాన తర్వాత: పైకప్పుకు, సైడింగ్‌కు కాంట్రాక్టరును ఎంచుకున్న నా అనుభవం

డాలస్ ఉత్తర శివార్లలో వడగళ్ళు పడ్డ మర్నాటి నుంచే తలుపు తట్టడం మొదలవుతుంది. మా వీధిలోనూ అంతే. "ఉచితంగా మీ కప్పు పరిశీలిస్తాం, ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి" అంటూ టాబ్లెట్ ముందుకు చాపేవాళ్ళు. చాలాసార్లు ఆ సంతకం పరిశీలనకు అనుమతితో ఆగదు. బీమా సొమ్ము మంజూరైతే పని తమకే ఇవ్వాలన్న ఒప్పందమూ అందులోనే ఉంటుంది. గుమ్మంలో కుదిరిన ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తుంది. అయినా అంతదాకా తెచ్చుకోవడం ఎందుకని నేను ఎవరికీ సంతకం పెట్టలేదు.

టెక్సస్‌లో ప్లంబర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. పైకప్పు వేసేవాళ్ళకు అలాంటిది లేదు. నిచ్చెన, ట్రక్కు ఉన్న ఎవరైనా రేపటి నుంచి రూఫింగ్ కాంట్రాక్టరు కావచ్చు. కాబట్టి మంచిచెడ్డలు తేల్చుకునే భారమంతా ఇంటివాళ్ళదే.

నా మొదటి వడపోత డిడక్టిబుల్ (నష్టంలో మన వాటాగా కట్టాల్సిన మొత్తం) దగ్గరే జరిగింది. మా పాలసీలో గాలి, వడగళ్ళ నష్టానికి అది ఇంటి బీమా విలువలో 2 శాతం. అంటే 4 లక్షల డాలర్ల బీమాకు 8,000 డాలర్లు మన జేబులోంచి పోవాలి. మా వీధిలో ఉండే తెలుగు కుర్రాడు ఒకరోజు ఆపి, "అన్నయ్యా, ఫలానా కంపెనీవాళ్ళు డిడక్టిబుల్ అడగరట. మనవాళ్ళు చాలామంది వాళ్ళతోనే చేయించుకున్నారు" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కానీ 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న టెక్సస్ చట్టం ప్రకారం ఆ మొత్తం పాలసీదారే కట్టాలి. కాంట్రాక్టరు దాన్ని మాఫీ చేసినా, బిల్లు పెంచి అందులో సర్దేసినా నేరం. కట్టినట్టు రుజువు చూపమని బీమా సంస్థ మనల్ని అడగవచ్చు కూడా. నాతో కలిసి బీమా సంస్థకు అబద్ధం చెప్పడానికి సిద్ధపడినవాడు, నేను ఎక్కి చూడలేని కప్పు మీద మేకులు సరిగా కొడతాడని ఎలా నమ్మను? అలా అన్నవాళ్ళందరినీ అక్కడికక్కడే పక్కన పెట్టాను.

మిగిలినవాళ్ళను వాళ్ళ సొంత బీమా పత్రాలు అడిగాను. వాళ్ళు ఇచ్చిన కాపీ తీసుకోకుండా, వాళ్ళ ఏజెంటు నుంచే నేరుగా నాకు పంపించమన్నాను. ఇక్కడ ప్రైవేటు సంస్థలు తమ కార్మికులకు ప్రమాద బీమా తీయడం తప్పనిసరి కాదు. మా కప్పు మీంచి ఎవరైనా జారిపడితే ఆ మనిషి వైద్యం ఎవరు చూస్తారన్నది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న. ఈ మాట ఎత్తగానే ఇద్దరు ముగ్గురు మళ్ళీ ఫోను చేయలేదు.

చివరికి నేను ఎంచుకున్న మనిషి నా నమ్మకం సంపాదించింది సైడింగ్ (బయటి గోడలకు తొడిగే పలకలు) దగ్గర. గరాజ్ కప్పు అంచు వచ్చి గోడను తాకే మూలలో పలక కాస్త ఉబ్బి ఉంది. ఆయన అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాడు. మొన లోపలికి దిగిపోయింది. పలక విప్పి చూస్తే వెనక చెక్క నల్లబడి, చేత్తో తీస్తే పొడిగా రాలింది. గోడ వెంట జారే నీటిని కప్పు అంచున ఉండే గట్టర్‌లోకి మళ్ళించే చిన్న వంపు రేకు ఉంటుంది, కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అంటారు. ఇల్లు కట్టినవాళ్ళు దాన్ని వేయనేలేదు. "ఇది వడగళ్ళ దెబ్బ కాదు, ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి పాడైంది. బీమాలో రాదు, మీరే పెట్టుకోవాలి" అన్నాడాయన. అంతకుముందు వచ్చినవాళ్ళు అదే మూల చూసి, అన్నీ క్లెయిమ్‌లో కలిపి రాబడతామన్నారు. పని చేసే కాంట్రాక్టరే ఇంటివాళ్ళ తరఫున క్లెయిమ్ బేరమాడటం టెక్సస్‌లో చట్టవిరుద్ధం.

ఆయన ధర అందరికంటే తక్కువేమీ కాదు. కానీ ఒప్పందంలో ప్రతిదీ రాసి ఉంది: షింగిల్ (కప్పు మీద పరిచే పలక) పేరు, కప్పు వాలులు కలిసే లోయల్లో నీళ్ళు దిగని పొర, పాత ఫ్లాషింగ్ రేకులు తిరిగి వాడకూడదని, కుళ్ళిన చెక్క షీటు మార్చాల్సి వస్తే ఒక్కోదానికి ఎంతని, సైడింగ్ అడుగు అంచు నేలకు కనీసం 6 అంగుళాల ఎత్తున ఉండాలని. కప్పు, సైడింగ్ రెండూ ఒకరికే ఇవ్వడం మంచిదైంది. గోడ పక్కన మెట్లుమెట్లుగా వేసే రేకులు సైడింగ్ వెనక్కి వెళ్ళాలి. ఇద్దరికి పంచి ఇస్తే, రేపు నీళ్ళు కారినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

డబ్బు విషయంలో ముందే మొత్తం ఇవ్వలేదు. సామాను ఇంటి ముందు దిగాక కొంత, పని ముగిసి, అయస్కాంతంతో పచ్చికలో మేకులన్నీ ఏరాక మిగతాది. చివరి చెక్కుకు ముందు, సామాను అమ్మిన దుకాణం నుంచి తమకు బాకీ లేదని లీన్ వదులుకునే పత్రం తెప్పించుకున్నాను. కాంట్రాక్టరు వాళ్ళకు డబ్బు ఎగ్గొడితే ఆ బాకీ మన ఇంటి మీద తాకట్టుగా పడే ప్రమాదం ఉంది. తర్వాత తుది బిల్లు, డిడక్టిబుల్ కట్టిన రసీదు పంపితే, పాత కప్పు తరుగుదల కింద బీమా సంస్థ ఆపి ఉంచిన సొమ్ము విడుదలైంది. మేం వేయించింది క్లాస్ 4 షింగిల్, అంటే 20 అడుగుల ఎత్తు నుంచి 2 అంగుళాల ఉక్కు గుండు వదిలినా పగలకుండా పరీక్షలో నెగ్గింది. ఆ సర్టిఫికెట్ మా ఏజెంటుకు పంపితే ప్రీమియం కొంత తగ్గించారు.