డిస్క్రిప్టివ్ పేపర్‌లో కథ ప్రశ్న: మార్కులు ఎక్కడ పోతున్నాయంటే

పరీక్ష ఫలితాలొచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతున్నది డిస్క్రిప్టివ్ పేపర్‌లో, అంటే జవాబులు వివరంగా రాయాల్సిన పేపర్‌లో, కథ ప్రశ్న గురించే: కొన్ని సూచనలిచ్చి వాటితో కథ రాయమంటారు. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. వ్యాసానికీ లేఖకీ మెటీరియల్ బోలెడంత ఉంది. కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మాకు కల్పనాశక్తి లేదండీ" అని చేతులెత్తేస్తున్నారు. మూడొందల పదాల కథకి అదేమీ అంతగా అక్కర్లేదు. కూర్పు తెలిస్తే చాలు.

సాహిత్య థియరీ కూడా చదవాల్సినవాళ్ళకి ఒక్క మాట. పంచసంధులూ (సంస్కృత నాటకశాస్త్రం చెప్పే అయిదు దశలు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ), జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863లో నాటకానికి చూపించిన పిరమిడ్డూ ఒకటేనని రాసేయకండి. పిరమిడ్‌లో శిఖరం నడిమధ్యన ఉంటుంది, అక్కణ్ణుంచి దిగుడే. సంధులు ఫలసిద్ధి వైపు, అంటే నాయకుడు కోరినది దక్కడం వైపు నడుస్తాయి: గర్భంలో ఫలం దొరికినట్టే దొరికి చేజారుతుంది, విమర్శలో అడ్డంకి, నిర్వహణలో ఫలం. అయిదు భాగాలున్నంత మాత్రాన పోలిక కుదరదు.

ఇక ఇతివృత్తం. జరిగినవి వరసగా చెబితే అది సంఘటనల జాబితా. ఒకదానివల్ల ఇంకొకటి జరగాలి. అవుట్‌లైన్ ఆరేడు వాక్యాల్లో రాసుకుని, వాటి మధ్య "అందుకని" గానీ "కానీ" గానీ పెట్టి చదవండి. "ఆ తర్వాత" తప్ప ఏదీ అతకకపోతే అక్కడ ముడి లేనట్టే. ఇంకో పరీక్ష: ఒక సంఘటన తీసేసినా కథ నిలబడుతోందా? అయితే అది పేపర్ మీదకి రాకూడదు.

పదాల లెక్క ఇలా వేసుకోండి. ఎత్తుగడకి 45, సమస్య బయటపడడానికి 60, అది ముదరడానికి 110, పతాక సన్నివేశానికి 55, ముగింపుకి 30. ఎక్కువమంది చేసేది దీనికి తలకిందులు: తెల్లవారడం, పక్షుల కిలకిలలు, ఊరి వర్ణనకే నూట యాభై అయిపోతాయి. చివర్లో టైం లేక అందరూ మారిపోయి సుఖంగా ఉంటారు. దిద్దేవాళ్ళకి ఆ కంగారు ఇట్టే తెలిసిపోతుంది.

అసలు తేడా వచ్చేది సంభాషణలో. సూచనలు ఇవీ అనుకుందాం: గడియారం, అన్నదమ్ములు, అబద్ధం. సాధారణంగా ఇలా రాస్తారు:

"అన్నయ్యా, నాన్నగారు పోయి ఏడాదైంది కదా, ఆయన గుర్తుగా మిగిలిన ఒక్క గడియారాన్నీ నా ఫీజు కోసం అమ్మేశావా?"

ఇది అన్నయ్యతో అంటున్న మాట కాదు, పాఠకుడికి అందిస్తున్న సమాచారం. ఇద్దరికీ తెలిసిన విషయాన్ని ఒకరికొకరు చెప్పుకోరు. ఇదే ఘట్టం ఇలా రాసి చూడండి:

"నాన్న గడియారమేది అన్నయ్యా?"
"రిపేరుకిచ్చా."
"నిన్న బాగానే నడిచిందిగా?"
"నీ ఫీజు కట్టేశాను. రసీదు టేబుల్ మీదుంది."

చివరి మాట అడిగినదానికి జవాబు కాదు. అందుకే అది పనిచేస్తుంది. అబద్ధం, అమ్మకం, అన్న మొహమాటం, మూడూ చెప్పకుండానే తెలిసిపోయాయి. నాన్న లేడన్న సంగతి పైన కథనంలో ఒక ముక్కలో పెట్టేస్తే సరి. ఇలాంటివి కథ మొత్తానికి రెండు ఘట్టాలు చాలు, అన్నీ కలిపి ఎనభై పదాలు దాటనివ్వకండి. దాటితే కథ నాటకమైపోతుంది.

మాట్లాడేవాళ్ళు మారినప్పుడల్లా కొత్త లైను. ఎవరి మాటో తెలుస్తుంటే "అన్నాడు" కూడా అక్కర్లేదు. "గంభీరంగా పలికాడు" లాంటివి అసలే వద్దు. ఒక పాత్ర ఏ యాసలో మొదలుపెడితే చివరిదాకా అదే యాస. కథ తమ్ముడి కళ్ళతో చెబుతుంటే అన్న మనసులో మాట రాయడానికి లేదు, అతని చేతలే రాయాలి. దృష్టికోణం అంటే ఇంతే, నిర్వచనాలు బట్టీ పట్టనక్కర్లేదు.

బట్టీ అంటే గుర్తొచ్చింది. గైడ్లలో మోడల్ కథలు కంఠస్థం చేసి, ఇచ్చిన సూచనల్ని వాటిలో ఇరికించేవాళ్ళు ఉన్నారు. ఆ అతుకు కనబడిపోతుంది. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తోంది, రానివ్వండి. రోజూ అరగంట కూర్చోవడానికి బద్ధకించి అడ్డదారి వెతికితే ఎలా? ఏదో ఒక చిన్న కథ తీసుకుని సంఘటనలన్నీ ఒక్కో లైనులో రాసి, దేనివల్ల ఏది జరిగిందో బాణాలు గీయండి. ఒక వారం చేసి చూడండి, మీ అవుట్‌లైన్ మీకే మారినట్టు తెలుస్తుంది.

ముగింపులో మూడు వద్దు: అంతా కల అనడం, అంతవరకూ లేని మనిషి ఊడిపడి సమస్య తీర్చడం, ప్రశ్నలో అడగకపోయినా నీతి చెప్పడం.

అరగంటలో ఆరు నిమిషాలు అవుట్‌లైన్‌కి, ఇరవై రాయడానికి, నాలుగు సరిచూసుకోవడానికి. ఆ నాలుగు నిమిషాల్లో చూడాల్సినవి: మధ్యలో పాత్ర పేరు మారిందా, "వచ్చాడు" అంటూ మొదలైన కథ "వస్తాడు" లోకి జారిందా, కొటేషన్లు మూశారా. శీర్షిక అన్నిటికన్నా చివర్న పెట్టండి. "అన్నయ్య త్యాగం" అంటే కథంతా పైనే చెప్పేసినట్టు. "రసీదు" అని పెట్టండి.