మాట పడిపోయాక మళ్లీ ఆఫీసుకి: అసలు చిక్కు ఫోన్ దగ్గరే

"ఇంట్లో బాగానే మాట్లాడుతున్నారుగా, ఇక ఉద్యోగానికి వెళ్లొచ్చు" అనడం తొందరపాటు. ఇంట్లోవాళ్లు సగం మాటకే అర్థం చేసుకుంటారు. ఆఫీసులో ఆ వెసులుబాటు ఉండదు.

స్ట్రోక్ వల్ల మెదడులో, చాలామందికి ఎడమవైపు, భాషను నడిపించే భాగాలు దెబ్బతింటే వచ్చేది అఫేసియా. తెలివి పోదు. మాట నాలుక మీదే ఆడుతుంది, బయటికి రాదు. వినడం, చదవడం, రాయడం కూడా దెబ్బతినొచ్చు, అదీ ఒక్కొక్కరికి ఒక్కో పాళ్లలో. అందుకే స్పీచ్ థెరపిస్టుతో కూర్చుని ఉద్యోగాన్ని చిన్న చిన్న పనులుగా విడదీయాలి: దేనికి మాట కావాలి, దేనికి చదవడం కావాలి, ఎంత వేగంగా కావాలి. ఇంటి భాష, ఆఫీసు భాష వేరైతే పరీక్ష రెండింటిలోనూ జరగాలి. రెండూ ఒకేలా కోలుకోవాలని లేదు.

అన్నిటికంటే కష్టం ఫోన్. ముఖం కనిపించదు, చేత్తో చూపించే వీలుండదు, అయిదు సెకన్లు ఆగితే లైన్ కట్టయిందనుకుంటారు. మొదట్లో ఫోన్ పని వేరేవాళ్లకి అప్పగించి, మెయిల్, చాట్‌లతో నడపడం మేలు. తప్పదంటే కాగితం మీద స్క్రిప్టు రాసుకుని, పైకి చదువుతూ నోటికి వచ్చేదాకా సాధన చేయాలి. మొదటి వాక్యం ఇలా ఉంటే చాలు: "స్ట్రోక్ తర్వాత నాకు మాట దొరకడానికి టైం పడుతుంది, కాస్త లైన్లో ఉండండి."

అంకెలతో జాగ్రత్త. అరవై అనుకుని డెబ్బై అనేస్తారు, అన్నట్టు తమకే తెలియకపోవచ్చు. "అవును", "కాదు" కూడా తారుమారవుతాయి. కాబట్టి రేటు, తేదీ, ఒప్పుకోలు ఏదైనా సరే, రాసి చూపించాకే ఖాయం.

మెయిల్ పంపేముందు కంప్యూటర్ చేత పైకి చదివించుకుని వినాలి. స్పెల్‌చెక్‌ను నమ్ముకుంటే లాభం లేదు. తప్పు చోట పడ్డ సరైన మాటను అది పట్టుకోలేదు.

మీటింగ్ ఎజెండా ముందురోజే చేతికి రావాలి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. గొంతు పెంచి అరవడం దండగ, వినికిడికి వచ్చిన లోపం కాదిది. మాటను మధ్యలో అందుకునేముందు "చెప్పమంటారా?" అని అడగాలి.

అలసట పెరిగేకొద్దీ మాట తడబడుతుంది. రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టి, కష్టమైన పనులు ఉదయమే ముగించాలి. అలిసిపోయాక కాదు, అంతకు ముందే విరామం తీసుకోవాలి. గంటలు పెంచిన వారం కొత్త పని నెత్తికెత్తుకోకూడదు; రెండూ కలిపితే ఏది ఎక్కువైందో తేలదు.