మహేంద్రగిరి నుంచి మందసకు దిగుతూ

శివరాత్రికి శ్రీకాకుళం జిల్లా జనం మందస వైపు నుంచి కాలినడకన ఒడిశాలోని మహేంద్రగిరి కొండ ఎక్కుతారు. ఆ దారినే మేం కార్తీకంలో పైనుంచి కిందికి నడిచాం. పర్లాకిమిడి, కొయిన్‌పూర్ మీదుగా జీపులో పైకి చేరి, కుంతి, ధర్మరాజు, భీముడి గుళ్లు చూసుకుని బయల్దేరాం. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం దగ్గర చెక్కిన పులినీ, చేపలనూ చూడకుండా మాత్రం దిగొద్దు.

శిఖరం ఎత్తు 1501 మీటర్లు. మందస సముద్రానికి దగ్గర్లోని పల్లపు ఊరు. ఎక్కేటప్పుడు ఆయాసమే మనిషిని ఆపుతుంది. దిగేటప్పుడు ఆపేదేమీ ఉండదు, బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. అందుకే అడుగు చిన్నది వెయ్యాలి, మోకాలు కాస్త వంచే ఉంచాలి. నడుముకు కొంచెం పైదాకా వచ్చే వెదురు కర్ర ముందు ఆనించి, తర్వాతే కాలు దించాలి. బూటు లేసు చీలమండ దగ్గర బిగించాలి. అక్కడ వదులైతే పాదం ముందుకు జారి వేళ్లు బూటు కొనకు కొట్టుకుంటాయి. సాయంత్రానికి బొటనవేలి గోరు నల్లబడుతుంది.

పైన అంతా గడ్డి, గాలి, మంచు. కింది ఊళ్లకంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీల చలి ఎక్కువ. గడ్డిలో దారి తప్పడం తేలిక, ఎందుకంటే పశువుల బాటలు కూడా అచ్చం మనుషుల దారిలాగే ఉంటాయి. తేడా ఒకటుంది: పశువుల బాట వాలుకు అడ్డంగా పోయి మేత దగ్గరో గెడ్డ (కొండవాగు) దగ్గరో ఆగిపోతుంది, యాత్ర దారి కొండ వెన్నునే పట్టుకుని దిగుతుంది. జనం తొక్కి నున్నబడ్డ రాళ్లే దానికి గుర్తు. పది నిమిషాల నడకలో అలాంటి రాయి కనబడకపోతే వెనక్కి రావాలి. ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. దారెరిగిన సవర గిరిజనుడెవరైనా తోడుంటే ఈ బెంగే ఉండదు, కూలి ముందే మాట్లాడుకోండి.

అడవిలోకి దిగాక అడ్డాకు తీగలు, వెదురు, కాయలతో వంగిన ఉసిరి చెట్లు, అక్కడక్కడ పోడులో పూతకొచ్చిన కంది. ఈ రుతువులో ఈ కొండ అందం ఇదే. కానీ తడి ఆకుల కింద గుండ్రటి రాళ్లుంటాయి; చీలమండలు మడతపడేది అక్కడే. గెడ్డలు దాటేటప్పుడు నాచు పట్టిన బండ మీద కాకుండా నీళ్లలోనే అడుగెయ్యండి. బూటు తడిస్తే తడవనివ్వండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, కాస్త ఉప్పు, బెల్లం, అటుకులు ఉండాలి.

కార్తీకంలో సాయంత్రం అయిదుంపావుకే పొద్దుగుంకుతుంది. ఈ వాలు ఆగ్నేయం వైపుది కాబట్టి సూర్యుడు కొండ చాటుకు ముందే వెళ్లిపోతాడు, చెట్ల కింద నాలుగింటికే మసక. మబ్బు పడితే ఇంకా ముందే. కింద జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరిగేదీ ఆ వేళకే. గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా నడవాలి, టార్చి చేతిలోనే ఉంచుకోవాలి. ఉదయం ఎనిమిదికల్లా పైన బయల్దేరితే వెలుతురుండగానే ఊళ్లో పడతారు.

మందసలో కోవా తినకుండా రావద్దు. రాత్రి రైలు ఎక్కాలంటే మందస రోడ్ కంటే పలాస మేలు, అక్కడ ఎక్కువ రైళ్లు ఆగుతాయి.