ఏడవనివ్వొద్దన్నారు

పాప పుట్టిన మర్నాడు పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గుండెలో మర్మర్, అంటే మామూలుగా వినపడని శబ్దం ఉంది, ఎకో (గుండెకు తీసే స్కాన్) తీయిద్దాం అన్నారు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బని తేలింది. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. ఒంటికంతా రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, బృహద్ధమని, ఆ రంధ్రం మీదికి జరిగి ఉంది. ఇరుకు దారిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ కుడి గది కండరం మందమవుతుంది. ఈ నాలుగూ కలిసి వచ్చే జబ్బు ఇది. దాదాపు వంద మంది పిల్లల్లో ఒకరు ఏదో ఒక గుండె లోపంతో పుడతారని అప్పుడే తెలిసింది.

కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని చూడ్డానికొచ్చినవాళ్ళు అడుగుతుంటే లోపల కాలిపోయేది. గర్భం మొదటి రెండు నెలల్లోనే గుండె తయారైపోతుందని, చాలామందిలో కారణం ఫలానా అని తేలదని డాక్టరు చెప్పాక గానీ వాళ్ళకి జవాబివ్వడం మానలేదు.

ఆపరేషన్‌కి కాస్త బరువు పెరగాలన్నారు. అంతవరకు గుక్కపట్టి ఏడవనివ్వకండి, జ్వరం, విరేచనాలు వస్తే వెంటనే తీసుకురండి అన్నారు. ఏడవని చంటిపిల్ల ఎక్కడైనా ఉంటుందా?

ఎందుకలా అన్నారో ఒక పొద్దున అర్థమైంది. స్నానం చేయించి తుడుస్తుంటే గుక్క పట్టింది. పెదాలు నీలం, తర్వాత అల్లనేరేడు రంగు. ఊపిరి ఎగబీలుస్తోంది. డాక్టరు నేర్పినట్టు ఎత్తుకుని రెండు మోకాళ్ళూ రొమ్ముకు ఆనేలా మడిచి పట్టుకున్నాను. అలా మడిస్తే కాళ్ళవైపు రక్తనాళాలు నొక్కుకుని, ఒంట్లోకి వెళ్ళే దారిలో ఒత్తిడి పెరుగుతుంది. దాంతో ఊపిరితిత్తులవైపు ఎక్కువ రక్తం మళ్ళుతుంది. రంగు తిరిగొచ్చింది. మావారు కారు తీశారు. ఆ తర్వాత అలా మళ్ళీ నీలం కాకుండా రోజూ ప్రొప్రనొలాల్ అనే మందు వేయమన్నారు.

ఇక ఇల్లంతా పాప ఏడుపు చుట్టూనే తిరిగేది. ఆకలి వేయకముందే పాలు, నిద్ర ముంచుకురాకముందే జోల. అందరికన్నా బాగా నేర్చుకున్నది మా పెద్దాడు. వాడికి అప్పటికి ఐదేళ్ళు నిండలేదు. పాప చెయ్యి చాపితే చాలు, ఏ బొమ్మైనా ఇచ్చేసేవాడు. "అమ్మా, చెల్లి పెదాలు చూడు" అని నాకన్నా ముందు వాడే చెప్పేవాడు.

తొలి పుట్టినరోజు లోపే ఆపరేషన్ చేశారు. గుండె, ఊపిరితిత్తుల పని కాసేపు తనే చేసే హార్ట్ లంగ్ మెషిన్ మీద పెట్టి, రంధ్రాన్ని ప్యాచ్‌తో మూసి, ఇరుకును కోసి వెడల్పు చేశారు. అలాంటి మెషిన్లు ఇంకా సరిగ్గా అందుబాటులోకి రాని 1954లో అమెరికాలో లిల్లెహై అనే సర్జన్ చాలా కేసుల్లో తల్లినో తండ్రినో బిడ్డ పక్కన పడుకోబెట్టి, వాళ్ళ గుండే ఇద్దరికీ పనిచేసేలా గొట్టాలు కలిపి ఇలాంటి ఆపరేషన్లు చేశాడట. బయట కుర్చీలో కూర్చుని వాళ్ళ మీద అసూయపడ్డాను, నిజంగా.

ఐసీయూలో వెంటిలేటరు, రొమ్ములోంచి డ్రెయిన్ గొట్టాలు, గుండె లయ తప్పితే సరిచేసే పేసింగ్ వైర్లు. ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు. నర్సు పాప అరికాలు చూపించింది. అక్కడే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. అసలు వాటి రంగు అదని నాకు కొత్తగా తెలిసింది.

ఇంటికొచ్చాక రొమ్ము ఎముక అతుక్కునేదాకా చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దన్నారు. తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి. అది సులువుగానే వచ్చింది. ఏడిస్తే ఏడవనివ్వడమే ఎవరికీ చేతకాలేదు. ఆక్సిమీటరు ఇప్పుడు 98 చూపిస్తున్నా నేను పరుగెత్తేదాన్ని. పాప కూడా అడిగిందల్లా సాధించుకోవడం నేర్చేసుకుంది. చివరికి ఒకరోజు పెద్దాడే తన రైలుబండి లాక్కుని "ఇది నాది, ఇవ్వను" అన్నాడు. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మొహం ఎర్రగా కందిందే తప్ప నీలం కాలేదు. వాణ్ణి తిట్టలేదు.

పూర్తిగా నయమైపోయిందని మాత్రం ఎవరూ అనలేదు. ఊపిరితిత్తులకు వెళ్ళే దారిలో ఉండే పల్మనరీ వాల్వు కొంచెం లీకవుతోంది. ఏటా ఎకో తీయాలి, పెద్దయ్యాక వాల్వు మార్చాల్సి రావచ్చు. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే గుండె ఆపరేషన్ సంగతి ముందే చెప్పాలి. వచ్చే ఏడు బడిలో వేస్తున్నాం. ఆటల్లో ఆపమని టీచరుకి చెప్పాలా అంటే, "వద్దమ్మా, అలిసిపోతే తనే ఆగుతుంది" అన్నారు డాక్టరు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడిగి తీసుకున్నాను.