మందుల అరలోని కారబ్ డబ్బా

పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి వచ్చాను. మధ్యాహ్నానికి ఫలితాలు ఫోనులో ఉన్నాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మూడు నెలల కింద 148 ఉండేది, ఇప్పుడు 139. పరగడుపు చక్కెర మాత్రం 108 నుంచి 113కి ఎక్కింది. చూడగానే ఉక్రోషం వచ్చింది. కారబ్ అనే చెట్టు కాయలు కొలెస్ట్రాల్ తగ్గిస్తాయని ఒక పరిశోధన గురించి చదివి, ఈ మూడు నెలలూ నేను కారబ్ దీక్షలో ఉన్నాను మరి!

కోకో మానేశాను, దాని బదులు ఆ కాయల పొడి. రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాల కారబ్ పొడి, వేడి పాలలో, చక్కెర లేకుండా. చక్కెర వేయనిది అంత తియ్యగా ఎందుకుందో ఒక్కనాడూ అనుమానం రాలేదు. డబ్బాను వంటింట్లో కాక మందుల అరలో పెట్టానంటే నా భక్తి అర్థమవుతుంది.

"అక్కా, డబ్బా వెనక ఏం రాసి ఉందో చదివావా?" అన్నాడు తమ్ముడు ఫోనులో. చదవలేదు. ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్న 'చక్కెర కలపలేదు' చదివి తృప్తి పడ్డాను. వెనక చిన్న అక్షరాల్లో, 100 గ్రాములకు చక్కెర 45 గ్రాములు. అబద్ధం ఏమీ లేదు. వాళ్లు కలపలేదు, చెట్టే కలిపి పంపింది. నా రెండు చెంచాలు తూచి చూస్తే 20 గ్రాములు తేలాయి. అంటే కప్పుకు 9 గ్రాములు, రోజుకు 27. చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన దాదాపు ఏడు చెంచాల చక్కెర. పాలలో ఉండేది వేరే.

అలాగని నన్ను ఊరించిన పరిశోధన ఉత్తిది కాదు. జర్మనీలోని పోట్స్‌డామ్ పరిశోధకులు 2003లో ప్రచురించారు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 58 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 15 గ్రాముల కారబ్ పీచు ఆరు వారాలు ఇస్తే, వారి ఎల్‌డీఎల్ పదిశాతం పైచిలుకు తగ్గింది. ఈ సాయంత్రం మళ్లీ నిదానంగా చదివితే అసలు సంగతి కనబడింది. వాళ్లు వాడినది కాయ గుజ్జులోని చక్కెరను నీటితో తీసేయగా మిగిలిన, కరగని పీచు. పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు దండిగా ఉండేది. నా డబ్బాలో ఉన్నది కాయను వేయించి కొట్టిన పొడి. వాళ్లు తీసి పక్కన పెట్టినదాన్ని నేను మూడు పూటలా తాగాను.

చక్కెర విషయంలో ఆ పీచు కూడా నమ్మదగ్గ నేస్తం కాదు. అక్కడి బృందమే 2007లో మరో ప్రయోగం వివరాలు చెప్పింది: గ్లూకోజు నీళ్లతో కలిపి ఇస్తే రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ తగ్గకపోగా ఇంకా పెరిగాయట. పీచు ఏదైనా చక్కెరకు కళ్లెం వేస్తుందని ఇంతకాలం అందరికీ ఉపన్యాసాలు ఇచ్చాను. ఆ గుణం జిగురుగా మారే పీచుది. కారబ్‌లో అది గింజల్లో ఉంటుంది. ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వేసే జిగురు అదే. పొడి కొట్టేముందు ఆ గింజలను తీసేస్తారు.

గింజ అంటే గుర్తొచ్చింది, వజ్రాలు తూచే క్యారెట్ అన్న మాట ఈ గింజ గ్రీకు పేరులోంచే పుట్టింది. గింజలన్నీ ఒకే బరువు ఉంటాయని చెప్పుకునేవారు. 2006లో తూచి చూస్తే మిగతా గింజల్లాగే ఇవీ ఎక్కువ తక్కువలుగానే తేలాయి. తూచకుండా నమ్మినదాన్ని నేనొక్కదాన్నే కాదన్నమాట. ఇదో ఊరట.

రేపు డాక్టరుగారికి చూపించాలి. ఆ తొమ్మిది పాయింట్లు కారబ్ వల్లే తగ్గాయని వాదించే ధైర్యం లేదు. ఈ నెలల్లోనే సాయంత్రపు నడకా మొదలుపెట్టాను, పైగా కొలెస్ట్రాల్ అంకె రోజురోజుకూ అంతమాత్రం ఊగుతూనే ఉంటుంది.

రాత్రి మాత్ర కోసం అర తెరిచినప్పుడు డబ్బా అడ్డొచ్చింది. తీసుకెళ్లి వంటింట్లో చక్కెర సీసా పక్కన పెట్టాను.