కచేరీ తరువాత తగ్గని చెవి హోరు

కచేరీ నుంచి బయటికి వచ్చాక చెవులు దిబ్బడ పడటం, లోపల సన్నగా గుయ్‌మని మోగడం మామూలేనని, తెల్లవారితే సర్దుకుంటుందని మనలో చాలామంది నమ్ముతారు. గచ్చిబౌలి వైపు ఒక మైదానంలో స్పీకర్లకు దగ్గరగా నిలబడి విన్న కచేరీ తరువాత నాకు ఆ మోత తెల్లవారినా తగ్గలేదు. పగలు ట్రాఫిక్ రొదలో పెద్దగా తెలియకపోయినా, రాత్రి లైటు ఆర్పగానే నిద్ర పట్టనిచ్చేది కాదు. వంటింట్లో స్టీలు పళ్లెం మీద గరిటె తగిలితే ఎడమ చెవి లోపల చురుక్కుమనేది. అమ్మ పక్క గదిలోంచి పిలిస్తే మాత్రం గొంతు వినబడేదే గాని, ఏమన్నదో తెలిసేది కాదు.

కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో డాక్టరు గారు చూసి, కర్ణభేరి బాగానే ఉందని చెప్పి, వినికిడి పరీక్షకు పంపారు. బయటి చప్పుడు రాని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, కూత ఎంత సన్నగా వినబడినా మీట నొక్కమన్నారు. పరీక్ష కాగితం మీద గీత కిందికి దిగితే వినికిడి తగ్గినట్టు; నా ఎడమ చెవి గీత 2000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దాకా సమంగా సాగి, 4000 దగ్గర ఒక్కసారిగా కిందికి దిగి, 8000 దగ్గర మళ్లీ పైకి లేచింది. పెద్ద శబ్దం వల్ల కలిగే నష్టానికి అదే ఆనవాలని, లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు అలసిపోతే కోలుకుంటాయి గాని, చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవని డాక్టరు గారు వివరించారు. స్టెరాయిడ్ మాత్రలు రాసిస్తూ, ఇలాంటప్పుడు రోజులు గడిచేకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుందని కూడా అన్నారు.

కొన్ని వారాలకు గీత చాలావరకు పైకి వచ్చింది. హోరు పూర్తిగా పోలేదు, కానీ బాగా తగ్గింది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దని ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) చెప్పినప్పటి నుంచి ఫ్యాను చప్పుడులో నిద్ర పడుతోంది.

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందని పని ప్రదేశాలకు ఒక లెక్క ఉంది; ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. కచేరీలలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని, శ్రోతలకు ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మన 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటల హద్దునూ, ఆవరణ సరిహద్దు దగ్గరి శబ్దాన్నీ పట్టించుకుంటాయి. ఇరుగుపొరుగు నిద్రకు అవి అవసరమే, కానీ టికెట్టు కొని లోపల నిలబడినవారి చెవులకు కూడా రక్షణ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు నేను స్పీకర్లకు దూరంగా, ఇయర్‌ప్లగ్‌లతో నిలబడి వింటున్నాను. దూది పెట్టుకుంటే పెద్దగా ప్రయోజనం లేదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. స్వరాలు మసకబారకూడదనుకునేవారికి మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిల స్వరాలనూ ఇంచుమించు సమంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్‌లు దొరుకుతాయి. చిన్నపిల్లల చెవులకు ఫోమ్ ప్లగ్‌లు సరిగా పట్టవు కనుక, వారికి చెవులను పూర్తిగా మూసే ఇయర్‌మఫ్‌లు పెట్టాలి.